మా స్టేషన్‌కు దక్షిణం వైపు గుమ్మం పెట్టండి: రైల్వే కంపెనీకి బహిరంగ లేఖ

రైల్వే కంపెనీ అధ్యక్షుల వారికి, స్టేషన్ల నిర్వహణ విభాగం వారికి, మా నగర కార్యాలయంలో రవాణా వ్యవహారాలు చూసే అధికారులకు,

నమస్కారం.

మీ రైళ్ళు టైముకు వస్తాయి. ప్లాట్‌ఫారం మీద కాగితం ముక్క కనబడదు. జపాన్‌లో పదకొండేళ్ళుగా మీ లైనులోనే ఆఫీసుకు వెళ్ళొస్తున్నవాడిగా ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. ఇక అసలు సంగతికి వస్తాను.

గత రెండేళ్ళలో మేం మీకు మూడుసార్లు రాశాం. ఒకసారి మా కాలనీ నివాసుల సంఘం తరఫున, ఇంకోసారి ప్రయాణికుల అభిప్రాయాల కోసం మీరే పెట్టిన ఫారంలో, మూడోసారి నగర కార్యాలయం ద్వారా. మూడింటికీ జవాబు వచ్చింది. మర్యాదగానే వచ్చింది. మూడింటిలోనూ చివరి వాక్యం ఒకటే: మీ అభిప్రాయాన్ని ఇకముందు ‘సాంకో’గా ఉంచుకుంటాం. నిఘంటువులో చూస్తే సాంకో అంటే పరిశీలనకు పనికొచ్చే సమాచారం. జపాన్‌లో నాలుగు రోజులున్న వాళ్ళెవరికైనా దాని అసలు అర్థం తెలుసు: కాగితం ఫైల్లో పెట్టాం, ఇక మీరు దయచేయండి. అందుకే ఈ నాలుగో ఉత్తరం అందరూ చదివేలా రాస్తున్నాం.

దీని జపనీస్ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపాం. తెలుగులో కూడా ఎందుకంటే, మా కాలనీలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. యూఆర్ అనే ప్రభుత్వ గృహ సంస్థ వాళ్ళ అద్దె ఇళ్ళకు హామీ సంతకం పెట్టే మనిషి అక్కర్లేదు, ‘రేకిన్’ అని యజమానికిచ్చే తిరిగిరాని సొమ్ము కట్టక్కర్లేదు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఆ ఇళ్ళకే చేరడానికి కారణం అదే. ఇంటికి ఒకరికి జపనీస్ చదవడం వస్తే గొప్ప. దేని మీద సంతకం పెడుతున్నామో మిగతావాళ్ళకూ తెలియాలి కదా. కంపెనీ పేరు, స్టేషన్ పేరు ఇందులో రాయడం లేదు. ఏ స్టేషనో మీకూ తెలుసు, మాకూ తెలుసు. పైగా ఇలాంటి స్టేషన్ మాదొక్కటే అయితే ఇంత పెద్ద ఉత్తరం అక్కర్లేకపోను.

ముందు స్టేషన్ ఎలా ఉంటుందో చెప్పాలి. రెండే పట్టాలు, రెండు ప్లాట్‌ఫారాలు ఎదురెదురుగా. తూర్పున సిటీ. ఉత్తరం పక్కది సిటీకి వెళ్ళే అప్ ప్లాట్‌ఫారం, దక్షిణం పక్కది సిటీ నుంచి వచ్చే డౌన్ ప్లాట్‌ఫారం. టికెట్ మెషీను, కార్డు తాకించే గేట్లు, మరుగుదొడ్డి అన్నీ ఉత్తరాన్నే. డౌన్ ప్లాట్‌ఫారం మీద దిగినవాళ్ళు బయటపడాలంటే పట్టాల కింద దారిలోకి 24 మెట్లు దిగి, అవతల 24 మెట్లు ఎక్కాలి. లిఫ్టు లేదు. ఇళ్ళలో ఎక్కువ భాగం ఉండేది దక్షిణాన. కనుక ఉత్తరాన బయటపడ్డాక తూర్పు కొసన ఉన్న రైల్వే గేటు దాకా నడిచి, అది తెరిచేదాకా ఆగి, మళ్ళీ దక్షిణానికి రావాలి. పట్టాల కింద ఒకసారి, పట్టాల మీద ఒకసారి దాటి, రైలు దిగిన చోటి పక్కకే చేరతాం.

(మన తెలుగులో రెండూ గేట్లే, అదొక చిక్కు. పట్టాలకు అడ్డంగా కర్ర పడేదాన్ని రైల్వే గేటు అని, కార్డు తాకించి దాటేదాన్ని కార్డు గేటు అని రాస్తాను.)

డౌన్ ప్లాట్‌ఫారం వెనక ఇనుప కంచె ఉంది. కంచె అవతల మీ కంపెనీదే సైకిల్ స్టాండు, దాని పక్కనే మా రోడ్డు. ఇది కొండవాలు కాబట్టి పడమటి కొసన ప్లాట్‌ఫారం, రోడ్డు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. రోడ్డు మీద నిలబడితే రైలు దిగినవాళ్ళ మొహాలు కనిపిస్తాయి. పలకరించవచ్చు, గొడుగు అందించవచ్చు. మనిషి మాత్రం ఇవతలికి రాలేడు.

ఇదంతా మొదటి నుంచీ ఉన్నదే. ఇన్నాళ్ళూ సర్దుకుపోయాం, ఎందుకంటే కార్డు గేట్ల పక్క కిటికీలో ఒక మనిషి ఉండేవాడు. చక్రాల కుర్చీ వస్తే మడత పలక తెచ్చి రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య వేసేవాడు. స్ట్రోలర్‌కు రెండో చెయ్యి వేసేవాడు. రెండేళ్ళ క్రితం మార్చిలో టైంటేబుల్ మారినప్పుడు ఆ కిటికీకి తెర దించేశారు. ఇప్పుడక్కడ ఒక ఇంటర్‌కం, ఒక కెమెరా, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. పెద్ద స్టేషన్లో కూర్చున్న ఎవరో మా స్టేషన్‌ను తెర మీద చూస్తుంటారట.

దాని వల్ల మాకేమైందో వరసగా రాస్తున్నాను.

1. మా వీధి చివరి ఇంటి పెద్దావిడ. ఎనభై దాటాయి, చక్రాల కుర్చీ. వారానికి ఒకసారి సిటీ వైపున్న ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు అప్ ప్లాట్‌ఫారం కనుక మెట్ల బాధ లేదు, పలక వేసే మనిషి దొరికితే చాలు. తిరుగు ప్రయాణమే అసలు కథ. ఒక గురువారం ఆవిడతో నేనూ వెళ్ళాను కాబట్టి చూసింది చూసినట్టు చెబుతున్నాను.

సాయంత్రం 4:12కి రైలు మా స్టేషన్లో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. మేం దిగలేదు. దిగితే 48 మెట్లు. కిటికీలోంచి ఆవిడ చెయ్యెత్తి, కంచెకు అవతల మూడో ఇల్లు చూపించింది. మేడ మీద దుప్పటి ఆరేసి ఉంది. “అదిగో, పొద్దున నేను ఆరేసిందే. మంచు పడకముందు తియ్యాలి” అంది. తలుపులు మూసుకున్నాయి. రెండు స్టేషన్లు ముందుకు పోయాం. అక్కడ సిబ్బంది పలకతో సిద్ధంగా ఉన్నారు. ఒక లిఫ్టులో పైకి, ఇంకో లిఫ్టులో కిందికి. అప్ ప్లాట్‌ఫారం మీద, మా స్టేషన్‌కు పలక తీసుకుని మనిషి చేరాడని ఫోన్ వచ్చేదాకా ఆగాలన్నారు. రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి. మూడోదాన్లో ఎక్కి మా స్టేషన్లో అప్ ప్లాట్‌ఫారం మీద దిగేసరికి 4:57. తర్వాత రైల్వే గేటు. ఇంటికి చేరేసరికి చీకటి పడింది, దుప్పటి తడిసింది.

ఈ వెనక్కి తిరిగే ప్రయాణానికి మీరు అదనంగా డబ్బు తీసుకోవడం లేదు, నిజమే. ఆ 45 నిమిషాలకు మాత్రం లెక్క ఎవరు రాస్తారు? కిటికీలో మనిషి ఉన్నప్పుడు ఇదే తిరుగుడు ఇరవై నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు ఆవిడ ముందురోజే ఫోన్ చేసి, ఏ రైలో, ఎన్నో పెట్టో చెప్పాలి. డాక్టరు ఆలస్యం చేస్తే మళ్ళీ ఫోన్. గొంతు సరిగ్గా వినపడని వయసులో ఇదంతా.

2. మా అమ్మ. ఏడాదికోసారి వస్తుంది, చుట్టపు వీసా మీద 90 రోజులు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పోయినసారి ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నేను ముందే ఇంటికి వచ్చేశాను. మా ఆవిడ, పిల్లలతో సిటీకి వెళ్ళిన అమ్మ తర్వాతి రైల్లో దిగింది. వాళ్ళను స్ట్రోలర్‌తో ముందు పంపించి, తను మెట్లు దిగలేక బెంచీ మీద కూర్చుంది. నేను కంచెకు ఇవతల రోడ్డు మీద ఉన్నాను. ఇద్దరి మధ్యా నాలుగడుగులు. “ఒరేయ్, ఈ ఊచలు రెండు తీసేస్తే అయిపోను గదరా” అంది. నేను రైల్వే గేటు దాకా పరుగెత్తి, అది తెరిచేదాకా ఆగి, ఉత్తరం వైపు వెళ్ళి, కార్డు తాకించి, కింది దారిలోంచి ఆమె దగ్గరికి చేరేసరికి ఇంకో రైలు వచ్చి వెళ్ళింది. భుజం మీద చెయ్యి వేయించుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ తీసుకొచ్చాను. ఆ తర్వాత మిగిలిన రోజుల్లో ఆమె రైలెక్కలేదు. బాల్కనీలో కూర్చుని రైళ్ళు లెక్కపెట్టేది.

మా ఊళ్ళో అయితే జనం పట్టాల మీదుగా దాటేసేవాళ్ళు. అది తప్పే, ప్రాణాలు పోయే తప్పు. ఇక్కడ ఎవరూ ఆ పని చెయ్యరు. చెప్పినట్టు వినే జనం కాబట్టే వాళ్ళ ఇబ్బంది మీ లెక్కల్లోకి రావడం లేదని నా అనుమానం.

3. రైల్వే గేటు. ఒక మంగళవారం పొద్దున గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. 7:52కి గంట మోగి కర్ర పడింది. అప్ లోకల్ వెళ్ళింది. కర్ర లేస్తుందనుకునేలోపు బాణం గుర్తు ఎదుటి వైపు వెలిగింది. డౌన్ రైలు. తర్వాత ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్. దాని వెనకే ఇంకో అప్ లోకల్. కర్ర లేచేసరికి 8:01. అందులో మా వాళ్ళు ఎక్కాల్సిన రైళ్ళు రెండు. కళ్ళ ముందే తలుపులు మూసుకుని వెళ్ళిపోయాయి. పసుపు టోపీల ఒకటో తరగతి పిల్లలు ఏడెనిమిది మంది, సైకిలు ముందో పిల్లను, వెనకో పిల్లను కూర్చోబెట్టుకున్న తల్లి, చేతికర్రతో ఒక పెద్దాయన. కర్ర లేచాక అందరూ ఒక్కసారే ఆ ఇరుకు దారిలోకి. పెద్దాయన సగంలో ఉండగానే గంట మళ్ళీ మొదలైంది. ఎదురుగా వస్తున్న ఒక కుర్రాడు వెనక్కి తిరిగి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

రద్దీ వేళ గంటలో 40 నిమిషాలు, అంతకు మించి మూసి ఉండేదాన్ని ఈ దేశంలో ‘తెరుచుకోని గేటు’ అంటారు. అవి ఏం చేస్తాయో మీకు మేం చెప్పక్కర్లేదు. టోక్యో అదాచి వార్డులో తకెనోత్సుకా స్టేషన్ పక్క గేటు దగ్గర 2005 మార్చి 15న నలుగురు రైలు కింద పడ్డారు, ఇద్దరు చనిపోయారు. ఆ గేటును చేత్తో నడిపేవాళ్ళు. జనం ఎక్కువసేపు ఆగిపోతున్నారని, రైలు వస్తుండగానే ఎత్తేశారు. అక్కడ పట్టాలన్నీ వంతెన మీదికి ఎక్కించే పని 2022 మార్చిలో పూర్తయింది. పదిహేడేళ్ళు పట్టింది. మా రెండు పట్టాల స్టేషన్‌కు అలాంటి వంతెన వేయమని మేం అడగడం లేదు. సాయంత్రం దిగే జనం అసలు ఆ గేటు దాకా వెళ్ళక్కర్లేకుండా చెయ్యమంటున్నాం.

4. ఇంటర్‌కం. కార్డులో డబ్బులు చాలకో, పొద్దున ఎక్కేటప్పుడు సరిగ్గా తాకించకో గేటు మూసుకుపోవడం అందరికీ జరిగేదే. ఇదివరకు కిటికీలో చూపిస్తే అర నిమిషం. ఇప్పుడు బొత్తాం నొక్కాలి, ‘కాసేపు వేచి ఉండండి’ అన్న గొంతు రావాలి, కార్డును కెమెరాకు చూపాలి. మా పక్కింటి అమ్మాయికి జపాన్ వచ్చి మూడు నెలలు. చంటిపిల్లను ఎత్తుకుని, వెనక క్యూ పెరుగుతుంటే, గోడలోంచి వచ్చే గౌరవ వాచకాల జపనీస్‌కు “హై, హై” (అవునండీ, అవునండీ) అంటూ నిలబడింది. నవ్వొచ్చే సంగతిలా చెప్పుకున్నాం గానీ ఆ రోజు ఆమె ఏడ్చింది.

చెవులు వినపడనివాళ్ళకు ఆ ఇంటర్‌కం దేనికి? చూపు లేనివాళ్ళు దాన్ని గోడ మీద ఎలా వెతుక్కుంటారు? ప్లాట్‌ఫారాల మీద పరిచే పసుపు పలకలు, పాదానికి తగిలే ఆ బొడిపెలు, ఈ దేశంలో పుట్టినవే. మియాకె సెఇఇచి 1965లో కనిపెట్టాడు, 1967లో ఒకాయామాలో మొదట పరిచారు. ఇప్పుడు ప్రపంచమంతా పరుస్తున్నారు. మా స్టేషన్లో ఆ పలకల వరస మెట్ల దగ్గరికి, కార్డు గేట్ల దగ్గరికి తీసుకెళ్తుంది. ఇంటర్‌కం దాకా వెళ్ళదు.

5. సైకిల్ స్టాండు పక్క టోఫు కొట్టు. సాయంత్రం రైలు దిగిన జనం ఉత్తరాన సూపర్‌మార్కెట్ ముందు బయటపడతారు, అక్కడే కొనుక్కుని వస్తారు. కొట్టు ముసలాయన రైల్లోవాళ్ళకు కనబడతాడు, వాళ్ళ చేతికి అందడు. ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇక మీ జవాబులు.

రోజుకు సగటున 3,000 మంది ఎక్కిదిగే స్టేషన్లకే లిఫ్టు వగైరాల లక్ష్యం వర్తిస్తుందని, మాది అంతకు లోపే కనుక ‘ప్రస్తుతం ప్రణాళికలో లేదు’ అని రాశారు. సగం నిజం. 2006 నాటి అవరోధ రహిత చట్టం కింద, 2025 ఆర్థిక సంవత్సరం చివరిదాకా (ఇక్కడా మనలాగే మార్చి 31, అంటే 2026 మార్చి 31) ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యంలో ఇంకో వాక్యం కూడా ఉంది. 2,000 మంది దాటిన స్టేషన్‌ను స్థానిక సంస్థ తన ‘మౌలిక ప్రణాళిక’లో నిత్యజీవితానికి అవసరమైన చోటుగా చేరిస్తే, అదీ లెక్కలోకి వస్తుంది. మాది 2,000 దాటిందని మీరు ప్రకటించిన అంకెలే చెబుతున్నాయి. నగర కార్యాలయం వారు ఒక కాగితం కదపాలి. వారిని అడిగితే రైల్వే కంపెనీ ముందుకొస్తే చూస్తామన్నారు. మిమ్మల్ని అడిగితే నగరం ముందుకొస్తే చూస్తామన్నారు. ‘ముందు మీరు’ ‘కాదు ముందు మీరు’ అనుకునే మర్యాదలో మధ్యన పెద్దావిడ రైల్లోనే ఉండిపోయింది.

సిబ్బంది లేని స్టేషన్లు దేశమంతటా ఉన్నాయన్నారు. ఉన్నాయి. దాదాపు సగం స్టేషన్లలో మనిషి లేడు. అందుకే 2022 జులైలో రవాణా మంత్రిత్వ శాఖ వాటికి మార్గదర్శకాలు పెట్టాల్సి వచ్చింది. మనుషుల్ని తీసేసే ముందు అక్కడి జనానికి చెప్పాలి, వికలాంగులతో మాట్లాడాలి అన్నది వాటి సారం. మాకు చెప్పింది తెర దించిన తర్వాత, గోడ మీద అంటించిన ఒక ఏ4 కాగితం. ఇంకోటి: మోయలేని భారం కానంత వరకు వికలాంగులకు తగిన సర్దుబాటు చేయడం 2024 ఏప్రిల్ 1 నుంచి ప్రైవేటు సంస్థలకూ చట్టప్రకారం తప్పనిసరి. ప్లాట్‌ఫారం మీద రోడ్డుకు సమానంగా ఉన్న చోట, మీ సొంత స్థలం పక్కన, కంచెలో ఒక తలుపు పెట్టడం మోయలేని భారం ఎలా అవుతుందో లెక్కలతో చూపించండి. చూస్తాం.

డబ్బు మాటకొస్తే, 2023 మార్చిలో టోక్యో ప్రాంతంలో చాలా కంపెనీలు ఒక్కో ప్రయాణానికి 10 యెన్లు అదనంగా తీసుకోవడం మొదలుపెట్టాయి. ప్లాట్‌ఫారం తలుపులకు, లిఫ్టులకు, ర్యాంపులకు వాడతామని చెప్పి ప్రభుత్వ పథకం కింద తీసుకుంటున్న డబ్బది. మీరూ తీసుకుంటున్నారు. పెద్దావిడ కూడా కడుతోంది, మా అమ్మ కూడా కట్టింది. పెద్ద జంక్షన్లలో ప్లాట్‌ఫారం తలుపులు రావడం మాకు సంతోషమే, అక్కడ జనం పడిపోతారు, అవి ముందు రావాలి. కానీ పది యెన్లు చిన్న స్టేషన్ గేటు దగ్గరా అదే పది యెన్లు.

ఇక్కడ కొంచెం పాత కథ చెప్పాలి, ఎందుకంటే మీకూ మాకూ ఉన్న సంబంధం టికెట్టుతో మొదలైంది కాదు. 1910లో ఒసాకా దగ్గర మినోఓ-అరిమా ఎలక్ట్రిక్ రైల్వే మొదలైంది. ఇప్పటి హంక్యూ రైల్వే అదే. జనం లేని పొలాల మధ్య రైలు ఏంటని నవ్వారు. దాన్ని నడిపిన కొబయాషి ఇచిజో పట్టాల పక్క భూములు కొని, ఇళ్ళు కట్టి, ఇకెదాలో జీతగాళ్ళకు వాయిదాల మీద అమ్మాడు. ఒక కొసన 1914లో తకరజుకా ఊళ్ళో ఆటపాటల ప్రదర్శనలు, ఇంకో కొసన 1929లో ఉమెదా స్టేషన్ దగ్గర డిపార్ట్‌మెంట్ స్టోరు. పొద్దున సిటీకి, ఆదివారం వినోదానికి, రెండు వైపులా రైలు నిండింది. జపాన్ ప్రైవేటు రైల్వేలు చాలా వరకు తర్వాత ఆ దారే పట్టాయి. మీరూ పట్టారు. మా కొండవాలు మీద ఇళ్ళ స్థలాలు వేసి అమ్మింది మీ అనుబంధ సంస్థే. పెద్దావిడ ఇంటి కరపత్రం ఇప్పటికీ దాచుకుంది: ‘స్టేషన్‌కు నడక 4 నిమిషాలు’. ఇక్కడి ప్రకటనల్లో 80 మీటర్లకు ఒక నిమిషం లెక్క వేస్తారు. రైల్వే గేటు దగ్గర నిలబడే టైము ఆ లెక్కలోకి రాదు. మెట్లూ రావు.

ఆ రోజు కొన్నవాళ్ళకు ముప్ఫై ఏళ్ళు. 24 మెట్లు వాళ్ళకొక లెక్కా! ఇప్పుడు దేశంలో నూటికి 29 మంది 65 దాటినవాళ్ళు, మా వీధిలో అంతకన్నా ఎక్కువే కనబడతారు. ఇళ్ళు అమ్మినప్పుడు స్టేషన్‌ను చూపించి అమ్మారు. కొన్నవాళ్ళ మోకాళ్ళు అరిగేసరికి అది 3,000కు లోపు స్టేషన్ అయిపోయింది.

2017 నవంబర్ 14న మినామి-నగరెయామా స్టేషన్లో సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటి 20 సెకన్లు ముందుగా కదిలినందుకు ఆ కంపెనీ క్షమాపణ చెప్పింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది, మా ఊళ్ళో పేపర్లలోనూ వచ్చింది. ప్రయాణికుడి టైముకు అంత విలువిచ్చే చోటు ఇది. అదే విలువ చక్రాల కుర్చీలో ఉన్న ప్రయాణికురాలి 45 నిమిషాలకూ ఇవ్వమంటున్నాం.

మా కోరికలు ఇవి. మొదటిదే ముఖ్యం.

1. డౌన్ ప్లాట్‌ఫారం పడమటి కొసన, కంచెలో దారి తీసి, తాకించే ఐసీ కార్డు మాత్రమే పనిచేసే చిన్న కార్డు గేటు పెట్టండి. చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుది. టికెట్ మెషీను అక్కర్లేదు, హాలు అక్కర్లేదు, పైకప్పు కూడా తర్వాత చూసుకోవచ్చు. సైకిల్ స్టాండులో పది సైకిళ్ళ చోటు పోతుంది. పోనివ్వండి. ఆ సైకిళ్ళవాళ్ళే మా సంతకాల్లో ముందున్నారు.

2. పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో కిటికీలో ఒక మనిషిని కూర్చోబెట్టండి. రోజంతా అడగడం లేదు.

3. మనిషి లేని వేళల్లో పలక కోసం ముందురోజు ఫోన్ చెయ్యాలన్న నియమం తీసేయండి. వచ్చినప్పుడు అడిగితే ఎంతసేపట్లో మనిషి వస్తాడో గడువు చెప్పండి, ఆ గడువు గోడ మీద రాసి పెట్టండి.

4. ఇంటర్‌కంకు రాత తెర పెట్టండి, పసుపు పలకల వరసను దాని దాకా పొడిగించండి.

5. 10 యెన్ల కింద ఏటా మా లైనులో ఎంత వచ్చింది, ఏ స్టేషన్లో ఎంత ఖర్చయింది, స్టేషన్ వారీగా చెప్పండి. మొత్తం అంకె మీ ప్రకటనల్లో చూశాం, అది మాకు చాలదు.

6. నగర కార్యాలయం వారు మా స్టేషన్‌ను మౌలిక ప్రణాళికలో చేర్చండి. లిఫ్టు ఖర్చును కేంద్రం, స్థానిక సంస్థ, కంపెనీ మూడు వాటాలుగా పంచుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. కార్డు గేటు వచ్చాక కూడా లిఫ్టు కావాలి, ఎందుకంటే దక్షిణం నుంచి పొద్దున అప్ రైలెక్కేవాళ్ళకు మెట్లో, రైల్వే గేటో ఇంకా తప్పదు.

మా తెలుగువాళ్ళకు ఒక మాట. ‘మనం పరాయివాళ్ళం, నాలుగేళ్ళుండి పోయేవాళ్ళం, మనకెందుకు’ అన్నవాళ్ళు నాకు ముగ్గురు తగిలారు. ఆ ముగ్గురూ ఆ 10 యెన్లు కడుతున్నవాళ్ళే. ఓటు లేకపోయినా మౌలిక ప్రణాళిక పెట్టమని, మార్చమని స్థానిక సంస్థకు ప్రతిపాదన ఇచ్చే అవకాశం అవరోధ రహిత చట్టం ఆ సదుపాయాలు వాడుకునేవాళ్ళకు ఇస్తోంది. ఆ ప్రతిపాదన జపనీస్‌లో రాసిపెట్టే పని నివాసుల సంఘంలో ఇద్దరు రిటైరైన ఉపాధ్యాయులు తీసుకున్నారు. మీరు చేయాల్సింది మీ ఇబ్బంది రెండు ముక్కల్లో చెప్పడం. ‘స్ట్రోలర్, ఇద్దరు పిల్లలు, 48 మెట్లు’ అని రాసినా చాలు. కాగితాలు టోఫు కొట్టులో ఉన్నాయి, ముసలాయన పెన్ను కూడా ఇస్తాడు.

అధికారులకు మళ్ళీ: ఈసారి ఉత్తరం అక్కర్లేదు. వచ్చే నెల మొదటి గురువారం, సిటీ నుంచి వచ్చే లోకల్ 4:12కి మా స్టేషన్లో ఆగుతుంది. మీలో ఎవరైనా ఒకరు చక్రాల కుర్చీలో కూర్చుని అందులో రండి. కుర్చీ మేం ఏర్పాటు చేస్తాం. పలక వెయ్యడానికి మీ మనిషిని డౌన్ ప్లాట్‌ఫారం మీదికి మీరే పంపించుకోండి. దిగాక ఏం చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం. మేం కంచెకు ఇవతల, సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఉంటాం.

ఇట్లు,
దక్షిణం వైపు నివాసుల తరఫున ఒక ప్రయాణికుడు